పటం వెనుక పసుపు మూట

పోయిన సోమవారం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు నేను ఒక పుణ్యం పని మొదలుపెట్టిన. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి ఆ పుణ్యం ముగ్గురు ఆడపిల్లలను ఇల్లు ఖాళీ చేయించే కాడికి వచ్చింది! నవ్వకుండా వింటనంటే చెప్త. నవ్వినా ఏమీ అనుకోను. మా ఆయన ఇంకా నవ్వుతనే ఉన్నడు.

మాది మెట్‌పల్లి. మా బిడ్డ శ్రీజ కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నది. హాస్టల్ తిండి పడక, తోటి పిల్లలు ఇద్దరితో కలిసి ఒక మేడ మీద రెండు రూములు కిరాయికి తీసుకున్నది. ఒకామె మౌనిక. హుజూరాబాద్ పిల్ల. నోరు పెద్దది, మనసు మెత్తన. ఇంకొకామె రూతు. ఆసిఫాబాద్ దిక్కు పిల్ల, తాతల కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు వాళ్ళది. ఆ రెండు రూముల రాజ్యానికి ఆర్థికమంత్రి రూతే.

కింద ఉండే ఓనరామె చేరేనాడే ఒక మాట చెప్పిందట. "మీటరు నా పేరు మీద ఉన్నది. ముందున్నోళ్ళు బిల్లు కట్టక ఫ్యూజు పీకిపిచ్చిన్రు, గల్లీల నా ఇజ్జత్ పోయింది. మల్లొకసారి గట్లయితే ఆ దినమే సామాను సదురుకోండ్రి." కాలేజీకి నడిచి పోయేంత దగ్గర, గా కిరాయికి ఇంకో ఇల్లు దొరకదు. అందుకని రూతు కరెంట్ బిల్లు అంటే పరీక్ష ఫీజు లెక్క చూస్తది.

ప్రతి నెలా ఒకటో తారీఖున ముగ్గురూ పైసలు తీసి ఆమె చేతిలో పెట్టాలె. ఫోన్లో వద్దు, నోట్లే కావాలె. "ఫోన్ల ఉంటే కనబడకుండనే పోతయి ఆంటీ" అంటది. ఆ నోట్లను కవర్లలో పెట్టి, మీద రాసేది: కరెంట్, గ్యాస్, నల్లా, బియ్యం. పద్ధతి మంచిదే. కానీ కవర్లకు కాళ్ళున్నయి. గ్యాస్ కవరు ఒకనాడు బిర్యానీ అయింది. నల్లా కవరు సినిమాకు పోయింది. పోయిన నెల కరెంట్ కవరే మౌనిక పుట్టినరోజు కేకు అయి కూర్చున్నది.

"మల్ల పెడ్తం కదనే, ఎందుకు పరేషాన్ అయితవు?" అనేది మౌనిక.

"పెట్టేదాక చీకట్ల కూసుంటవా?" అనేది రూతు.

ఇదంతా శ్రీజ ఫోన్లో చెప్తుంటే నవ్వుకునేదాన్ని. అందులో నేను పోయి పడుతనని నాకేం తెలుసు!

రెండు నెలల కింద ఒకసారి పోయి వాళ్ళ దగ్గర నాలుగు దినాలు ఉన్న. అప్పుడు కాకరకాయ కారం చేసి పెద్ద స్టీలు డబ్బా నిండా తీసుకపోయిన. మా నాయనమ్మ చేసిన పద్ధతే, చింతపండు వేసి, నూనెలో నల్లగా వేయించి. పిల్లలు సూపర్ ఆంటీ, సూపర్ ఆంటీ అన్నరు. అన్నాలప్పుడు మా నాయనమ్మ ముచ్చట కూడా చెప్పిన. మా ఇంట్లో పాత ముచ్చట్లు దాచిపెట్టే పెట్టె నేనే. ఎవరన్న మూత తీస్తే చాలు.

మా బాపు మూడేండ్లప్పుడు జ్వరంతో కండ్లు తెరవలేదట. నాయనమ్మ పసుపు గుడ్డలో రూపాయి పావలా ముడుపు కట్టి, పిల్లడు లేస్తే నీ దగ్గరికి తెచ్చి చెల్లిస్త అని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నది. దేవుని పటం వెనుక పెట్టింది. ఆ ఏడు ఇంట్లో జొన్నలు కూడా అయిపోయినయి. పటం వెనుక రూపాయి పావలా ఉన్నది, కుండలో గింజ లేదు. అయినా విప్పలేదు.

రూతు బువ్వ కలుపుడు ఆపి అడిగింది. "ఆకలైనా ముట్టలేదా ఆంటీ?"

"ముట్టలేదు బిడ్డా. ముడుపు కట్టినంక ముట్టద్దు, విప్పద్దు."

"ముడితే ఏమైతది?"

"ఏమైతదో తెలుసుకునే ధైర్యం మా ఇంట్ల ఎవ్వలకు లేకుండె."

మౌనిక రెండు చెంపలూ వేసుకున్నది. రూతు మాత్రం ఏదో లెక్క తేలినట్టు తల ఊపింది. అంతలో ఆమెకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, చేయి కడుక్కొని బయటికి పోయింది. ముచ్చటలో మిగిలిన సగం నేను తక్కిన ఇద్దరికే చెప్పిన. ముడుపును ఏండ్లకేండ్లు పటం వెనుక పెట్టుకోవద్దు, వేళకు దేవునికి చేర్చాలె. మొక్కినామె పోలేకపోతే ఇంట్లో పెద్దది ఎవరుంటే వాళ్ళు తీసుకపోవాలె. నాయనమ్మకు కాలు విరిగితే వాళ్ళ అత్త పోయి చెల్లించి వచ్చింది.

సగం విన్న మనిషితోటే నాకు ఇంత వచ్చింది.

ఇగ మొన్నటి సంగతి. శనివారం కంటి డాక్టరుకు చూపించుకుందామని కరీంనగర్ పోయిన. ఆయన పరీక్ష చేసి, "కండ్లు మంచిగున్నయమ్మా, అన్నీ సక్కగ కనబడ్తయి" అన్నడు. సోమవారం జరిగింది తలుచుకుంటే ఆయన చదువు మీద నాకు అనుమానం వస్తున్నది.

రూతు ఊర్లో లేదు, చిన్నమ్మ బిడ్డ పెండ్లికని ఆసిఫాబాద్ పోయింది. ఆదివారం వంట నేనే చేసిన. పై అర మీద నా కాకరకాయ కారం డబ్బా కనబడ్డది. "ఇంక ఉన్నదా బిడ్డా?" అని అడిగిన. "ఉన్నది ఆంటీ, జర జర వాడుకుంటున్నం" అన్నది మౌనిక. ఎంత పొదుపు నేర్చుకున్నరు పిల్లలు, అని సంబురపడ్డ.

సోమవారం పొద్దున తానం చేసి, దీపం పెడదామని గూట్లో రాజన్న పటం తుడుస్తున్న. గడియారం అప్పుడే చూసిన, ఆరుం పది. పటం జరిపితే వెనుక పసుపు గుడ్డ మూట! మూడు ముళ్ళు వేసి, మీద కుంకుమ బొట్టు పెట్టి, దారం చుట్టి ఉన్నది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉన్నది. నోట్లు ఉన్నయి, చిల్లర కూడా ఉన్నది. ఎవరో చిన్న మొక్కు మొక్కలేదు!

మౌనిక దుప్పట్లో ఉన్నది. మెల్లగా అడిగిన. "బిడ్డా, ఈ ముడుపు నీదా?"

ఒక్క కన్ను తెరిచింది. "నాది కాదు ఆంటీ. శ్రీజది. ఒకటో తారీఖు సంది ఉన్నది. ముట్టకుండ్రి!"

శ్రీజ తానాల గదిలో ఉన్నది. తలుపు కొట్టిన. "నాది కాదమ్మా, మౌనికది. నేనైతే ఆ దిక్కే పోతలేను, నువ్వే చెప్పినవ్ కదా."

ఇద్దరూ నాది కాదు అంటున్నరు. రూతును అనుమానించే ముచ్చటే లేదు, ఆమె ఆదివారం ప్రార్థన తప్పని పిల్ల. అంటే ఈ ఇద్దరిలో ఒకరు దాస్తున్నరు. మొక్కు బయటికి చెప్పద్దు కదా, అందుకే! ఎందుకోసం మొక్కినట్టు? నౌకరీ కోసమా? పరీక్ష కోసమా? ఇంకేమన్న ఉన్నదా? టీ తాగేటప్పుడు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసిన. మౌనిక "ఏంది ఆంటీ, నా ముఖానికి ఏమన్న అంటిందా?" అని తుడుచుకున్నది కూడా.

ఇగ నా బుర్ర తిరుగుడు మొదలైంది. ఒకటో తారీఖు సంది అంటే మూడు సోమవారాలు దాటినయి. మౌనికకు సర్ది తగ్గుతలేదు. కూలరు మోటరు కాలిపోయింది. ఆదివారం పాలు విరిగినయి. ఇన్ని గురుతులు ఎదురుగా పెట్టుకొని ఊకుంటే ఎట్ల? ఆ ఇంట్లో ఆనాడు పెద్దదాన్ని నేనే. పిల్లలకా ప్రాక్టికల్స్ ఉన్నయి. వేములవాడ గంట సేపటి తొవ్వ. సోమవారం, రాజన్న దినం. పైగా ఆడోళ్ళకు బస్సు ఫ్రీ!

మొక్కినామెకు సిగ్గు కాకుండా చప్పుడు చేయక పని చేసి రావాలె అనుకున్న. "గుడికి పోయొస్త" అన్న అంతే. మూట కొంగులో కట్టి నడుముకు దోపుకున్న.

బస్సులో ఊపిరాడనంత మంది. పక్కన కూర్చున్నామె రెండుసార్లు నా నడుము దిక్కు చూసింది. నేను మూట మీద చెయ్యి తీయలేదు. "ముడుపా అక్కా?" అన్నది. "అవునమ్మా, పిల్లలది." "పెద్దగనే మొక్కిన్రు!" అన్నది. నాకు ఎందుకో గర్వం అనిపించింది. చూడండి నా సంగతి, ఎవరిదో మూట, ఎవరిదో మొక్కు, గర్వం మాత్రం నాది!

లైన్లో రెండు గంటలు నిలబడ్డ. దర్శనం మంచిగా అయింది. హుండీ కాడ కండ్లు మూసుకొని, "తండ్రీ, ఏ పిల్ల మొక్కిందో నీకు తెలుసు. ఆలస్యమైంది, తప్పు కాయి. ఆ ఇంట్ల వెలుగు తక్కువ కాకుండ చూడు" అని మొక్కి మూట వదిలిపెట్టిన. ధన్ అని పడ్డది. ఆ చప్పుడు విని నా పానం ఎంత తేలికైందో!

అంత దూరం పోయి, రాజన్న పేరు మీద కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టకుండా వస్తనా? ముగ్గురు పిల్లల పేరు మీద నా పైసలతో కోడెమొక్కు కూడా చెల్లించిన. లడ్డూలు తీసుకున్న. బస్సెక్కేసరికి పర్సులో తొంభై రూపాయలు మిగిలినయి. ఫ్రీ బస్సు కదా, ఫికర్ ఏముంది అనుకున్న.

అయిదున్నరకు మెట్లెక్కుతుంటేనే లోపల లొల్లి వినబడ్డది. రూతు వచ్చింది. భుజం మీద బ్యాగు కూడా తీయలేదు. రాజన్న పటం కింద పెట్టి, గూట్లో చెయ్యి పెట్టి వెతుకుతున్నది. గడపలో ఓనరామె నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డది.

"కరెంటాయన రెండుసార్లు వచ్చిపోయిండు. రెండు నెలల బిల్లు బాకీ ఉన్నదట! రేపు పదింటిలోపట కట్టకుంటే ఫ్యూజు పీకుతడట. నేను ముందుగాలనే చెప్పిన్నా లేదా?"

"పైసలున్నయి ఆంటీ, రెండు నెలలయి తీసిపెట్టిన, పెండ్లికి పోయి ఆగింది, ఇప్పుడే కడ్త" అని రూతు ఆమెను కిందికి పంపి, ఇటు తిరిగి మౌనికను పట్టుకున్నది. "పైసలేవే?"

"ఏ పైసలు?"

"పటం ఎనుకటియి! పసుపు గుడ్డల కట్టినయి! నువ్వే తీసినవ్. ఏం తిన్నవ్? నిజం చెప్పు!"

మౌనిక ఏడుపు ముఖం పెట్టింది. "అది ముడుపు కదనే! ముడుపు పైసలు తింటనా నేను? నాకు దేవుని భయం లేదా?"

"ముడుపు కాదే మొద్దూ! కరెంట్ బిల్లు! కవర్ల పెడితే మీరిద్దరు ఉంచుతలేరు. పసుపు గుడ్డల కడితే ముట్టరని నేనే కట్టిన. మూడు వారాలు ఒక్కలు ముట్టలే. నా తెలివికి నేనే మురిసిన!"

నేను గడపలోనే చెప్పులతో సహా ఆగిపోయిన. చేతిలో లడ్డూల కవరు.

"నేనే తీసిన బిడ్డా" అన్న.

నా గొంతు మొదటి నుంచి సన్నం. పక్కనున్నవాళ్ళకే వినబడదు. రూతు ఇప్పుడు శ్రీజ మీదికి తిరిగింది. శ్రీజ నోట్‌బుక్కు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తున్నది. "నేనే తీసిన" అని మళ్ళా అన్న. మౌనిక, "ఎవలో దొంగలు వచ్చిన్రు కావచ్చు" అన్నది. "దొంగలొస్తే నీ ఫోన్ ఇడిచి గుడ్డ మూట తీస్కపోతరా?" అన్నది రూతు.

మూడోసారి ముందుకు పోయి, ముగ్గురి నడుమ నిలబడి చెప్పిన. "దొంగను నేనే. వేములవాడ పోయి హుండీల ఏసి వచ్చిన."

పైన ఫ్యాను తిరుగుడు వినబడ్డది. రేపటి దాకన్న తిరిగితే చాలు అనుకున్న.

రూతు మెల్లగా అడిగింది. "మొత్తం ఏసిండ్రా ఆంటీ?"

"ముడుపు విప్పద్దు కదా బిడ్డా. ఎంత ఉండె?"

"మూడువేల అయిదువందలు. కరెంట్‌కు రెండువేల నాలుగువందలు, గ్యాస్‌కు తొమ్మిదివందల యాభై, నల్లాకు నూటయాభై." అంత దుఃఖంలో కూడా లెక్క తప్పలేదు పిల్ల!

మౌనిక అడిగింది. "రసీదు ఇచ్చిన్రా ఆంటీ?"

"హుండీకి రసీదు ఉంటదానే!" అన్నది శ్రీజ. తర్వాత నా దిక్కు తిరిగి, "అమ్మా, పోయి చెప్పుకుంటే మల్ల ఇస్తరేమో?"

నేను రెండు చెవులూ మూసుకున్న. "రాజన్నకు ఇచ్చింది మల్ల అడుగుతరా! నోరు కడుక్కో పో!"

రూతు మంచం మీద కూలబడ్డది. "ముట్టద్దని మీరే చెప్పిన్రు కదా ఆంటీ, అది విని కదా నేను కట్టింది!"

"వేళకు చేర్చాలె అని కూడ చెప్పిన బిడ్డా. నువ్వు ఫోన్ కోసం బయటికి పోయినవు."

"అయ్యో! ఆ సగం నేను వినలే!" అని తల పట్టుకున్నది. కొంతసేపటికి ఆమెకే నవ్వు వచ్చింది. "మా పాస్టరయ్యకు ఏమని చెప్పాలె ఆంటీ? ఆదివారం కానుకల సంచిల పది రూపాయలు ఏస్త. రాజన్నకు మూడున్నర వేలు!"

నాకు నవ్వు రాలేదు. నా పర్సులో తొంభై రూపాయలు. పిల్లలకు నెలాఖరు. నా మూలంగా ఈ పిల్లలు సామాను పట్టుకొని రోడ్డు మీద నిలబడాల్సి వస్తదా అనుకున్న. ఇగ మిగిలింది ఒక్కటే తొవ్వ. మా ఆయనకు చెప్పాలె. నన్ను నమ్మండి, హుండీలో వేసుడు దానికన్నా సులువు.

ఫోన్ చేసిన. మెల్లగా మొదలుపెట్టిన. "ఇగో, వింటున్నరా, చిన్న పొరపాటైంది..."

"వినబడ్తలేదు. గట్టిగ చెప్పు."

"పిల్లల పైసలు..."

"ఏం పిల్లులు?"

"పిల్లల పైసలు! మూడున్నర వేలు! హుండీల ఏసిన!" అని అరిచిన. పెండ్లయి ఇరవై ఆరేండ్లు, ఆయన ముందు నేను అరిచింది అదే మొదటిసారి. కింద ఓనరామె మళ్ళా మెట్లెక్కి వచ్చింది. పక్క మేడ మీద బట్టలు తీస్తున్నామె చేతులు ఆపి చూస్తున్నది.

అటు దిక్కు నుంచి మొదలైంది నవ్వు. ఆగదు, ఆగదు. "అంటే రాజన్న గుడికి ఈ నెల కరెంట్ బిల్లు నువ్వే కట్టినవన్నట్టు!" అన్నడు. శ్రీజ ఎప్పుడు నొక్కిందో ఏమో, స్పీకరు మీద ఉన్నది. పిల్లలు ముగ్గురూ మంచం మీద పడి పొర్లుతున్నరు. ఓనరామె కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"మూడున్నర వేలూ పంపిస్తున్న. కానీ నీ బతుకమ్మ చీర పైసలు అయిపోయినయి, యాది పెట్టుకో" అన్నడు. నిమిషంలో శ్రీజ ఫోన్ టింగుమన్నది. అక్కడే, అందరి ముందే బిల్లు కట్టింది. ఓనరామె రసీదు తన కండ్లతో చూసి, "దేవుడు దేవుడే అక్కా, బిల్లు బిల్లే" అని చెప్పి, రెండు లడ్డూలు తీసుకొని దిగిపోయింది.

మిగిలిన లడ్డూ ఎదురుగా పెట్టుకొని కూర్చున్నరు పిల్లలు. మౌనిక చిన్న ముక్క తుంచి కండ్లకద్దుకొని, "ఈ ముక్క రెండువందలు పడ్డది" అని చప్పరించింది. రూతు గుళ్ళ ప్రసాదం తినదు. "నా వంతు నువ్వు తిను, లెక్కల రాసుకుంట" అని నోట్‌బుక్కు తీసింది. పెన్ను పట్టుకొని చాలాసేపు ఆలోచించి నన్నే అడిగింది. "ఆంటీ, దీన్ని ఏ ఖర్చు కింద రాయాలె?"

"ఆంటీ ఖర్చు అని రాయి బిడ్డా" అన్న. అట్లనే రాసింది. గ్యాస్‌కు, నల్లాకు మధ్యలో నా పేరు మీద ఒక ఖాతా లేచింది.

మంగళవారం పొద్దున టీల దగ్గర పెద్ద మీటింగు. మిగిలిన గ్యాస్ పైసలు, నల్లా పైసలు నోట్లుగా మార్చి తెచ్చింది రూతు. ఎక్కడ పెట్టాలె?

"పటం ఎనుక?" అన్నది మౌనిక. ముగ్గురూ నా దిక్కు చూసిన్రు. నేను టీ గ్లాసులోకి చూసిన.

"నీ బైబిల్ల పెట్టుకో" అన్నది శ్రీజ.

"వచ్చే నెల మా అమ్మ వస్తది. ఆమె కూడ మీ అమ్మ లెక్కనే" అన్నది రూతు. "సక్కగ కానుకల సంచిల పడ్తయి."

బియ్యం డబ్బాలో వద్దు, మౌనిక చెయ్యి అక్కడికి పోతది. పుస్తకాల్లో వద్దు, శ్రీజ చెయ్యి పోతది. రూతు చాలాసేపు ఇల్లంతా చూసింది. తర్వాత స్టూలు వేసుకొని, పై అర మీది నుంచి నా స్టీలు డబ్బా దించింది. కాకరకాయ కారం!

మూత రాలేదు. ముగ్గురూ పట్టి గుంజితే ఊడింది. లోపల చూస్తే, రెండు నెలల కింద నేను గరిటెతో ఎట్ల ఒత్తి చదును చేసిన్నో అట్లనే ఉన్నది. గరిటె గీతలు కూడా చెదరలేదు. జర జర వాడుకుంటున్నరట!

రూతు నా ముఖం దిక్కు చూడకుండా, నోట్లను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కారంలో లోపలికి దూర్చి, పైన మళ్ళా చదును చేసింది. "ఏమనుకోకుండ్రి ఆంటీ. ఇంట్ల ఇంతకంటే భద్రమైన జాగ లేదు" అన్నది.

నేను బ్యాగు సదురుకొని మెట్లు దిగుతుంటే మౌనిక పైనుంచి కేకేసింది.

"ఆంటీ, మల్ల వచ్చేటప్పుడు ఇంకో డబ్బా తెండ్రి! కరెంట్ పైసలకు జాగ లేదు!"